పెట్టెలోంచి వచ్చిన పేరు

మీలో ఎవరికైనా జ్యూరీ సమన్లు వస్తే మొట్టమొదట ఏం చేస్తారో నాకు తెలుసు. ఎలా తప్పించుకోవాలా అని ఆలోచిస్తారు. సిగ్గుపడకండి, మీ అమ్మానాన్నలూ అంతే. సిడ్నీలో ఒక పెద్ద కోర్టులో జ్యూరీ పని చూసిన అన్నేళ్ళలో మనవాళ్ళ నుంచి నాకు వచ్చిన ఫోన్లకి లెక్కలేదు. ఎక్కడ ఎదురుపడినా నన్ను చూడనట్టే వెళ్ళిపోయే డాక్టరుగారొకాయన, సమన్లు అందిన సాయంత్రమే ఫోన్ చేసి "ఏమండీ, భోజనాలయ్యాయా?" అని మొదలుపెట్టారు.

"అయ్యాయండి."

"అక్కడ మొత్తం మీరేగా చూసేది. మన పేరు అలా పక్కన పడేయడానికి వీలవుతుందా?"

"అవదండి."

"మరీ అంత స్ట్రిక్టా?"

"అంతేనండి."

ఆ తర్వాత నేను తిన్నానో లేదో ఆయన ఎప్పుడూ అడగలేదు.

సమన్లు వచ్చాయని సంతోషించిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె క్వేకర్స్ హిల్‌లో ఉండేది. మా పక్క సబర్బే. ఆసుపత్రి లాండ్రీలో పని. గుడివాడ వైపు మనిషి. నన్ను అన్నయ్యగారూ అనేది, మా ఆవిడని వదినా అనేది. చుట్టరికం ఏమీ లేదు, ఒకే ప్రార్థన కూటానికి వెళ్ళేవాళ్ళం, అంతే. అప్పటికి ఆమెకి సిటిజన్‌షిప్ వచ్చి ఏడాది దాటింది. సమన్లు రాగానే నాకు ఫోన్ చేసింది. నేను మామూలు జవాబు చెప్పడానికి గొంతు సవరించుకుంటుంటే, "తప్పించమని కాదన్నయ్యగారూ, ఏ స్టేషన్‌లో దిగాలో చెప్పండి. చీర కట్టుకు రావచ్చా?" అంది. రావచ్చమ్మా అన్నాను. అప్పుడు ఎంత ముచ్చటపడ్డానో, ఆ తర్వాత అంతకు రెట్టింపు భయపడ్డాను. అదే మీకు చెప్పబోతున్నది.

ఎనభైల చివర్లో సిడ్నీ అంతా ఒకే కేసు గురించి మాట్లాడుకునేది. పడమటి సబర్బ్‌లలో ఒక స్కూలు పక్కన ఇళ్ళు కడుతున్నారు. కాంట్రాక్టరు పేవ్‌మెంట్ అంచున ఎత్తుగా ఇటుక గోడ లేపాడు. ఒక వానాకాలపు మధ్యాహ్నం, బడి వదిలే వేళ, ఆ గోడ కూలింది. అక్కడ పిల్లల్ని రోడ్డు దాటించే లాలీపాప్ లేడీ ఒకావిడ ఉండేది. మీకు తెలుసుగా, గుండ్రటి బోర్డున్న కర్ర పట్టుకుని కార్లను ఆపుతారు. గోడ వంగడం చూసి ఆమె పిల్లల్ని రోడ్డు మీదికి తోసేసింది. తను మాత్రం తప్పుకోలేకపోయింది. కర్ర పట్టుకుని నవ్వుతున్న ఆమె ఫొటో నెలల తరబడి పేపర్లలో వచ్చింది. ఖర్చు మిగుల్చుకోవడానికి గోడ లోపల ఇనుము వెయ్యలేదని కాంట్రాక్టరు మీద కేసు పెట్టారు. హంతకుడు అని రాయడం ఒక్కటే తక్కువ, పేపర్లు మిగతావన్నీ రాశాయి.

కేసు పెట్టిన వారం శనివారం కూటం మా ఇంట్లోనే. గుమ్మం ముందు చెప్పులు కుప్పపడ్డాయి, వంటింట్లో పలావు మూతపెట్టి ఉంది, లౌంజ్‌లో అందరం కార్పెట్ మీద కూర్చున్నాం. పాటలయ్యాక ప్రార్థన మనవులు అడుగుతారు. ఒకరు ఉద్యోగం అన్నారు, ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు. ఒకామె ఆ లాలీపాప్ లేడీ కుటుంబం గురించి ప్రార్థించాలి అంది. నేను వెంటనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. కేసు మా కోర్టుకే వస్తుందని నాకు తెలుసు. దాని గురించి ఎవరేం మాట్లాడినా అక్కడ ఉండకూడదని నా పట్టుదల. మా ఆవిడ నా వీపుకేసి గుర్రుగా చూసింది.

పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి పక్కన నిలబడ్డానే గాని, మధ్యలో ఉన్నది దోమతెర తలుపు. అందులోంచి ప్రతి మాటా వినబడింది. ప్రార్థన చేస్తున్నది మా లాండ్రీ చెల్లెలు. ఆమె ప్రార్థిస్తే గోడలు కదులుతాయని మావాళ్ళు అనేవారు. ముందు చనిపోయినామె కూతురికి ఆదరణ ఇమ్మని అడిగింది. తర్వాత గొంతు పెరిగింది. "ఆ గోడ కట్టినవాణ్ణి విడిచిపెట్టొద్దు ప్రభువా! వాడికి శిక్ష పడాలి. మనుషులు వదిలేసినా నువ్వు వదలొద్దు!" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను చల్లటి బార్బీ మీద చెయ్యి వేసి నిలబడి, బయటికి రావడం మంచిదైంది అనుకున్నాను.

మొదటి విచారణ మొదలై మూడో వారంలో ఆగిపోయింది. జ్యూరీలో ఒకాయన, తన బావమరిది ఆ కాంట్రాక్టరు దగ్గరే పని చేసి గొడవపడి మానేశాడన్న సంగతి దాచాడు. పబ్బులో బీరు లోపలికి వెళ్ళాక ఆ మాట బయటికి వచ్చింది. జడ్జి మొత్తం జ్యూరీని పంపేశారు. విన్న సాక్ష్యమంతా వృథా, మళ్ళీ కొత్త పన్నెండుమంది కావాలి.

చనిపోయినామె కూతురు బ్యాంకులో పని చేసే పిల్ల. జీతం లేని సెలవు పెట్టి రోజూ ముందు వరసలో కూర్చునేది. ఆ రోజు ఆమె కోర్టు మెట్ల మీద కూలబడిపోయింది. నేను టీ తీసుకెళ్ళి ఇచ్చాను. కప్పు అందుకుని, తాగకుండా, "మళ్ళీ మొదట్నుంచా?" అని అడిగింది. తల్లి మీద గోడ పడడం గురించి డాక్టర్లు, ఇంజనీర్లు చెప్పిందంతా ఆ పిల్ల మళ్ళీ వినాలి.

రెండోసారి జ్యూరీని ఎంచే ఉదయం, కోర్టు బయట టీవీ కెమెరాలు బారులు తీరాయి. నేను కింద గదిలోకి వెళ్ళాను. సమన్లు అందుకున్నవాళ్ళందరూ అక్కడే ఉంటారు. సిగరెట్ పొగ, పాత పత్రికలు, టీ కోసం మరుగుతున్న నీళ్ళ డబ్బా, మెత్తబడిన బిస్కట్లు. అంతమంది మధ్య గంజిపెట్టిన నీలం నేతచీర, దాని మీద కార్డిగన్. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. "వందనాలన్నయ్యగారూ!" అంది గట్టిగా.

ఏ కేసుకి పిలుస్తున్నారో సమన్లలో ఉండదు. ఆ రోజు ఇంకా వేరే కోర్టులు కూడా నడుస్తున్నాయి. కానీ ఆమె కూర్చున్నది మా కోర్టుకి పంపే గుంపులోనే. తల ఊపి, తిన్నగా మా పై ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నేవీలో చేసి వచ్చిన భారీ మనిషి. టై మీద ఎప్పుడూ మస్టర్డ్ సాస్ మరక ఉండేది. ఆ గుంపులో ఒకామె నాకు తెలుసని, ఆమె ఈ కేసు గురించి మాట్లాడగా విన్నానని చెప్పాను.

"ఏమంది?"

"కాంట్రాక్టరుకి శిక్ష పడాలంది."

"మేట్, సిడ్నీలో అలా అనని మనిషిని ఒక్కణ్ణి చూపించు," అన్నాడు. "జడ్జి ఎలాగూ అడుగుతారు. చెప్పే అవకాశం ముందు ఆమెది. చెప్పకుండా ప్రమాణం దాకా వస్తే అప్పుడు నువ్వు నోరు విప్పాలి. ఈలోపు ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడకు. మాట్లాడితే నీ ఉద్యోగం ఊడుతుంది, ఈ కేసూ పోతుంది."

మన ఇండియాలో జ్యూరీ ఎప్పుడో పోయింది గనక మీకు తెలిసింది టీవీలో అమెరికా జ్యూరీలే. అక్కడ లాయర్లు ఒక్కొక్కరిని నిలబెట్టి గంటల తరబడి అడుగుతారు. ఇక్కడ అదేమీ లేదు. కేసేమిటో, సాక్షులెవరో జడ్జి చదివి వినిపిస్తారు. నిష్పక్షపాతంగా ఉండలేననుకుంటే చెప్పండి అంటారు. అంతే. మిగతాదంతా మీ మనస్సాక్షికి వదిలేస్తారు. ఈ పద్ధతి గొప్పదని ఉపన్యాసాలిచ్చినవాణ్ణే, ఆ రోజు మాత్రం ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడ్డాను.

జడ్జి ముసలాయన, పలచటి గొంతు. మొదటి విచారణ ఎందుకు ఆగిందో పేర్లు లేకుండా చెప్పారు. "ఈ కేసులో ఎవరితోనైనా మీకు స్నేహం గాని బంధుత్వం గాని ఉందా? మీ మనసులో ముందే ఒక తీర్పు ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. చెప్పినందుకు ఎవరూ తప్పుపట్టరు," అన్నారు.

కొందరు లేచారు. ఒకాయనకి కాంట్రాక్టరు ఇల్లు కట్టించి ఇచ్చాడు. ఒకావిడ మనవరాలు ఆ బడిలోనే చదువుతోంది. ఒకతను తన కుక్క ఒంటరిగా ఉండలేదన్నాడు, జడ్జి అతన్ని కూర్చోమన్నారు. నేను నీలం చీరకేసే చూస్తున్నాను. లేమ్మా, లే, అనుకుంటున్నాను. ఆమె తల వంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేస్తోందని నాకు అర్థమైంది. లేవలేదు.

తర్వాత పెట్టె. జ్యూరీకి వచ్చినవాళ్ళ పేర్లు రాసిన అట్టముక్కలు ఒక చెక్కపెట్టెలో వేసి తిప్పుతారు. జడ్జిగారి సహాయకురాలు ఒక్కొక్కటే తీసి చదువుతుంది. ఈ రోజుల్లో నంబర్లు పిలుస్తారు, అప్పట్లో పేర్లే. పిలిచినవాళ్ళు నడిచి వస్తుంటే, కారణం చెప్పకుండా కొందరిని వద్దనే హక్కు రెండు పక్షాలకీ ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొందరిని వద్దన్నారు. చివరికి ఒక్క కుర్చీ మిగిలింది.

సహాయకురాలు ముక్కలు ముక్కలుగా చదివినా ఆ పేరు నాకు తెలిసిపోయింది.

ఆమె కళ్ళు తెరిచింది. ఆ మొహం నేను ఇంతకుముందు చూశాను. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆరాధనలో మేము వాగ్దాన కార్డులు తీస్తాం. బుట్టలో వాక్యాలు రాసిన కార్డులుంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే, ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పే మాట అదే. కార్డు తిప్పి చదువుకున్నప్పుడు ఆమె మొహం సరిగ్గా ఇలాగే వెలిగేది. అంతమంది పేర్లలోంచి తన పేరు రావడం ఆమెకి కోర్టు పద్ధతిలా కనబడలేదు. తన ప్రార్థనకి జవాబులా కనబడింది. అందుకే అంత నెమ్మదిగా, గుడిలోకి నడిచినట్టు నడిచి వచ్చింది.

వద్దనండి, ఎవరో ఒకరు వద్దనండి, అనుకున్నాను. ప్రాసిక్యూటరు తలెత్తి చూసి మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయాడు. డిఫెన్సు లాయరుకి పొట్టిగా, కార్డిగన్ వేసుకుని, నవ్వు మొహంతో ఉన్న ఇండియన్ ఆంటీ కనబడింది. ఈవిడ ఎవరికి కీడు చేస్తుందిలే అనుకుని ఉంటాడు. ఊరుకున్నాడు. ఆమె వెళ్ళి ఆ చివరి కుర్చీలో కూర్చుంది.

బైబిలు అందించేది నేనే. మిగతావాళ్ళ ప్రమాణాలు అయ్యేదాకా ఆగాను. ఈమె వంతు రాగానే బైబిలు ఇచ్చి, ఆమె నోరు విప్పకముందే జడ్జి వైపు తిరిగి, నాకు ఒక విషయం తెలుసని చెప్పాలని నిర్ణయించుకున్నాను. ముందు వరసలో ఆ బ్యాంకు పిల్ల కూర్చుని ఉంది. మళ్ళీ మొదట్నుంచా అన్న మాటే నా చెవుల్లో మోగుతోంది.

ఆమె బైబిలు అందుకోబోతూ ఆగి, కొంగు తల మీదికి లాక్కుంది. లాయర్లిద్దరూ వింతగా చూశారు. రెండు చేతులతో పుస్తకం పట్టుకుంది. సాక్ష్యాన్ని బట్టి మాత్రమే నిజమైన తీర్పు చెబుతాను అన్న ప్రమాణం సహాయకురాలు చదివింది. "అట్లాగే, దేవుడు నాకు తోడగుగాక" అన్న అర్థంలో ఒక మాట ఈమె చెప్పాలి. చెప్పలేదు. నేను జడ్జి వైపు తిరగబోతుంటే నాకేసి చూసి తెలుగులో గొణిగింది.

"అన్నయ్యగారూ, ఆ ప్రార్థన సంగతి చెప్పాలంటారా?"

డిఫెన్సు లాయరు ఎగిరి లేచాడు. "యువర్ ఆనర్! ఆ జ్యూరర్ ఆఫీసరుతో ఏదో భాషలో మాట్లాడింది!"

కోర్టంతా కలకలం రేగింది. జడ్జి చెయ్యెత్తి, జ్యూరీలో కూర్చున్నవాళ్ళనీ, ఇంకా పిలుపు రాక వెనక వరసల్లో ఉన్నవాళ్ళనీ బయటికి పంపించమన్నారు. తలుపులు మూసుకున్నాక నన్ను చూశారు.

"ఆఫీసర్, ఈమె మీకు తెలుసా?"

"తెలుసు, యువర్ ఆనర్. పొద్దున్నే పై ఆఫీసరుకి చెప్పాను." ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, అవునని తల ఊపాడు.

"ఆమె ఏమన్నారు? ఆమె మాటల్లోనే చెప్పండి."

చెప్పాను. ఏ ప్రార్థనో నాకు తెలుసా అని అడిగారు. "తెలుసు. కానీ ఆవిడే చెబుతారనుకుంటున్నాను," అన్నాను. ఆ చివరి మాట అడగకుండా అన్నదే. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"అయితే మీరు వెళ్ళి ఆ వెనక తలుపు దగ్గర, ఆమెకి కనబడకుండా నిలబడండి."

వెళ్ళి నిలబడ్డాను. అక్కడినుంచి నాకు ఆమె కొంగు అంచూ, పుస్తకం పట్టుకున్న వేళ్ళూ కనబడుతున్నాయి. ఆమె మాట్లాడింది లాండ్రీలో నేర్చుకున్న ఇంగ్లీషు. అందులో తడబాటుంది గాని దాపరికం లేదు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

"నేను ప్రార్థన చేశాను సర్."

"ప్రార్థన చెయ్యడంలో తప్పేముంది మేడమ్?"

"ఈయనకి శిక్ష పడాలని చేశాను. మోకాళ్ళ మీద, గట్టిగా, అందరి ముందూ."

"నేను ఇందాక అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"తీర్పు ఉందా అన్నారు. నాది తీర్పు కాదు, ప్రార్థనే కదా అనుకున్నాను. తర్వాత నా పేరు వచ్చింది సర్. అంతమందిలో నా పేరు! దేవుడే నన్ను పిలిచాడనుకున్నాను."

"ఇప్పుడూ అలాగే అనుకుంటున్నారా?"

ఆమె చేతిలో పుస్తకం కేసి చూసుకుంది. బోనులో ఉన్న కాంట్రాక్టరు మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండేవాడు. అతను మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. ముందు వరసలో ఆ పిల్ల కూడా చూసింది. ఆ పిల్ల చూపు నేను మరిచిపోలేను. పన్నెండు కుర్చీల్లో తనవైపు ఒక మనిషి ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ మనిషి తనంతట తనే జారిపోతోంది.

"ఈ పుస్తకం పట్టుకున్నాక అలా అనిపించడం లేదు," అంది మా చెల్లెలు. "ఎవరి మాటా వినకముందే నేను తేల్చేసుకున్నాను సర్. విని చెబుతానని ఒట్టు వేస్తే అబద్ధమవుతుంది."

జడ్జి కళ్ళజోడు తీశారు. "మేడమ్, మీకు కృతజ్ఞతలు. మీరు వెళ్ళవచ్చు," అన్నారు. ఆ ముసలాయన గొంతులో మెత్తదనం నేను విన్నది ఆ ఒక్కసారే.

డిఫెన్సు లాయరు ఊరుకోలేదు. ఆమె గొణిగింది మిగతా జ్యూరీ విన్నారు గనక అందరినీ పంపేసి మరో రోజు మొదలుపెట్టాలన్నాడు. బ్యాంకు పిల్ల కళ్ళు మూసుకుంది. జడ్జి అతనికేసి చూసి, "విన్నారు. అర్థమైంది ఎవరికి?" అని అడిగారు. ఒక్క ఆఫీసరుకి తప్ప ఇంకెవరికీ అర్థం కాలేదని ఒప్పుకోక తప్పలేదు. "అయితే వాళ్ళను లోపలికి పిలవండి. ఇంకో పేరు తీద్దాం," అన్నారు. తెలుగు ఎందుకూ పనికిరాదని రేపు మీ పిల్లలు అంటే ఈ సంగతి చెప్పండి.

లిఫ్టు దగ్గర మా పై ఆఫీసరు ఆమె కోసం ఆగి ఉన్నాడు. మీ భాషలో థాంక్యూ ఎలా చెబుతారని నన్ను అడిగి, "వాండనాలు" అన్నాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది. ట్రైన్‌లో క్వేకర్స్ హిల్ దాకా ఏడుస్తూనే వెళ్ళిందట.

ఆ శనివారం కూటంలో ఆమెని సరిగ్గా పలకరించినవాళ్ళు తక్కువ. "దేవుడు చేతిలో పెట్టిన పనిని విసిరికొట్టావు," అని ఒకాయన మొహం మీదే అన్నాడు. "ఆ దుర్మార్గుడికి మేలు చేశావు వదినా," అని ఇంకొకామె. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ విచారణ నడుస్తోంది, నేను దాని గురించి పెదవి విప్పకూడదు. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను, అంతే చెయ్యగలిగాను.

విచారణ వారాల తరబడి సాగింది. గోడలో ఇనుము తక్కువేనని ఒక ఇంజనీరు చెప్పాడు. గోడ వెనక మట్టిలో పగిలిన పైపు నీళ్ళు నిండి తోశాయని, ఇనుమున్నా నిలిచేది కాదని ఇంకొక ఇంజనీరు చెప్పాడు. ప్రతి మాటా విన్న నాకే తేలలేదు. అప్పట్లో పన్నెండుమందీ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు కాదన్నా తీర్పు లేదు, మళ్ళీ విచారణే. నేను ఆ గది తలుపు బయట కాపలా కూర్చుని, లోపల పెరుగుతూ తగ్గుతూ ఉన్న గొంతులు వింటూ ఉండిపోయాను. చివరికి తలుపు తట్టారు.

నిర్దోషి అన్నారు.

కాంట్రాక్టరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. బ్యాంకు పిల్ల ఏడవలేదు. లేచి, ఆ పన్నెండుమందినీ వరసగా చూసి, బ్యాగు తీసుకుని బయటికి నడిచింది.

టీవీలో రాకముందే మా చెల్లెలికి నేనే చెప్పాలనిపించింది. స్టేషన్‌లో దిగి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వంటింట్లో ఉంది. నా మొహం చూసి స్టవ్ కట్టేసింది. చెప్పాను.

"ఆ పిల్ల ఏడ్చిందా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. వెళ్ళిపోయింది."

కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె ఏడుస్తుందేమో, నన్ను తిడుతుందేమో, దేవుణ్ణే తిడుతుందేమో అనుకున్నాను.

"నేను ఆ కుర్చీలో ఉండుంటే ఒప్పుకునేదాన్ని కాదు," అంది. "ఏం చెప్పినా, ఎవరు చెప్పినా ఒప్పుకునేదాన్నే కాదు. ఆ పిల్ల మళ్ళీ మొదట్నుంచి వినాల్సి వచ్చేది. అందుకే నేను ఉండకూడదు," అంది.

తర్వాత కొంగు తల మీదికి లాక్కుని వంటింటి నేల మీదే మోకరించింది. ముందు ఆ పిల్ల కోసం అడిగింది. కాస్త ఆగి, కష్టంగా, ఆ గోడ కట్టిన మనిషి కోసం కూడా అడిగింది. పెరటి తలుపు నా పక్కనే తెరిచి ఉంది. ఈసారి నేను బయటికి వెళ్ళలేదు. బూట్లు విప్పి ఆమె పక్కన మోకరించాను.